అసలూ నకలూ

తాలూకాఫీసు అరుగుల మీద ఎండకి ఎండి వానకి తడిసిన వాళ్లెవరికైనా ఒక సంగతి తెలుసు. మన దేశంలో అసలు కాగితం దారి వేరు, నకలు దారి వేరు. అసలు కాగితం ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున, కలరా ఉండల వాసనలో నిద్రపోతూ ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ లేచి నిలబడరు. దానికి నకలు తీసి, గెజిటెడ్ ఆఫీసరుగారి చేత ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టించి, గుండ్రటి ముద్ర కొట్టించామా, అప్పుడు ఆఫీసులన్నీ నమ్మేవి. దాన్ని 'ట్రూ కాపీ' అనేవారు. నకలు నిజమెలా అవుతుందండీ అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. 2014 నుంచి కేంద్ర ప్రభుత్వం చాలా పనులకి ఆ ఆఫీసరుగారిని తప్పించి, ఎవరి నకలు మీద వాళ్లే సంతకం పెట్టుకోవచ్చునంది. అంటే ఇప్పుడు మన నిజానికి మనమే సాక్షులం. ఇది సుఖమో కష్టమో మీరే ఆలోచించండి.

ఈ పురాణం ఎందుకెత్తుకున్నానంటే, నాలుగేళ్లుగా నేనొక పలక మీద రాస్తున్నాను. చిన్నప్పటి రాతిపలక కాదు, ఎలక్ట్రానిక్ పలక. చూడడానికి మందపాటి అట్టముక్కలా ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ కలంతో రాస్తే, కాగితం మీద పెన్సిలు గీసినట్టు బరబరమంటుంది. వెలుగు చిమ్మదు, కళ్లు మండవు. లోపల కిటుకు చెబుతాను. కంటికి కనబడనంత చిన్న గుళికలు లక్షలకొద్దీ ఉంటాయి. ఒక్కొక్క గుళికలో తెల్ల రేణువులూ నల్ల రేణువులూ, ఒకదానికి ధన విద్యుత్తు, రెండోదానికి రుణ విద్యుత్తు. అడుగునించి కరెంటు మీట నొక్కితే తెల్లవి పైకి వస్తాయి, మార్చి నొక్కితే నల్లవి వస్తాయి. ఆ తర్వాత కరెంటు తీసేసినా అక్షరం అక్కడే ఉంటుంది. అమెరికాలో ఎమ్ఐటీ అనే విద్యాలయం ప్రయోగశాలలో పుట్టిన ఈ సిరాని అమ్మడానికి 1997లో ఒక కంపెనీ వెలిసింది. 2004లో దీంతో జపానులో చదువుకునే యంత్రం వచ్చింది. ఇంచుమించు ఫుల్‌స్కేపు కాగితమంత, 13.3 అంగుళాల పలక మీద కలంతో రాసే యోగం 2013 చివరికి గాని పట్టలేదు. ఇప్పుడు నాలుగైదు దేశాలవాళ్లు చేసి అమ్ముతున్నారు.

నా పలక ఎవరు చేసిందో చెప్పను. దాని మీద నాకు కోపం ఉంది గాని పగ లేదు. రాసినంతసేపూ అది దేవత. పేచీ అంతా రాసింది కంప్యూటరులోకి వెళ్లవలసిన వేళ మొదలవుతుంది. పలకలో ఉన్నదీ కంప్యూటరులో ఉన్నదీ ఒకటే అయ్యేలా చూడడాన్ని ఈ విద్య తెలిసినవాళ్లు 'సింక్' అంటారు. మా ఆవిడకి సింకంటే వంటింట్లో గిన్నెలు తోమేది. "ఏమిటండీ, రోజూ సింకు దగ్గర అంతంతసేపు?" అంటుంది. రెండింటికీ సంబంధం లేదనడానికి వీల్లేదు. రెండింట్లోనూ ఎంత కడిగినా ఏదో ఒక గిన్నె మిగిలిపోతుంది.

తీగతో కలిపితే కంప్యూటరు, పెళ్లిలో దూరపు చుట్టాన్ని చూసినట్టు, "ఎక్కడో చూశానే" అన్న మొహం పెడుతుంది. తీగ తీసి మళ్లీ పెట్టాలి. గాలిలోంచి కలుపుదామంటే రెండూ ఒకే వైఫై మీద ఉండాలి. ఉన్నాయో లేదో అవి మనకి చెప్పవు. ఆ తర్వాత ఒక గుండ్రటి గుర్తు తిరగడం మొదలెడుతుంది. గానుగెద్దుకైనా సాయంత్రానికి విడుదల ఉంది, దీనికి లేదు. చివరికి 'అంతా సరిగా ఉంది' అని సందేశం వస్తుంది. వెళ్లి చూస్తే పొద్దున రాసిన పేజీ లేదు! ఇది అబద్ధమా అంటే, కాదు. "నాకు తెలిసినంతవరకు సరిగా ఉంది" అనడానికి బదులు "సరిగా ఉంది" అంటుంది, అంతే. ఆ మొదటి రెండు మాటలూ మింగేసే అలవాటు యంత్రాలకి మననుంచే వచ్చి ఉంటుంది.

ఇంకో చోద్యం చెప్పకపోతే మనసాగదు. మెకంజీ దొర రెండువందల ఏళ్ల కిందట ఊరూరా రాయించిన కైఫియత్తులున్నాయి కదా, వాటి మీద నేను రాసుకుంటున్న నోట్సుకి 'కైఫియత్తులు' అనే పేరు పెట్టాను. ఒక స్నేహితుడింట్లో పాత మాకింటాష్ కంప్యూటరు ద్వారా ఆ ఫైలు వెళ్లి తిరిగొచ్చేసరికి రెండైంది. రెండింటి పేరూ 'కైఫియత్తులు' అనే! అక్షరం తేడా లేదు. భూతద్దం పెట్టి చూసినా లేదు. చివరికి ఒక కుర్రవాడు గుట్టు విప్పాడు. కంప్యూటర్లు అక్షరాలకి అంకెలు కట్టే యూనికోడ్ పద్ధతిలో మన ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చట. ఐత్వం మొత్తానికి ఒకే అంకె వెయ్యవచ్చు. లేదా పైన ఎత్వానికి ఒకటి, కిందనున్న తోకకి ఒకటి, రెండంకెలు వెయ్యవచ్చు. కాగితం మీద రెండూ ఒకటే. ఆ పాత మాకింటాష్ దాన్ని విడదీసి దాచుకుంటుంది, మిగతావి కలిపి దాచుకుంటాయి. పేర్లని అంకెకి అంకె పోల్చే కార్యక్రమం చూసి, "ఇవి ఇద్దరు వేరు వేరు మనుషులు" అని తేల్చింది. మన తెలుగు అక్షరాలన్నిట్లోకీ ఈ రెండు నాల్కల గుణం ఒక్క ఐత్వానికే ఉందిట. 2017 తర్వాత వచ్చిన మాకింటాష్‌లు ఈ పేచీ మానేశాయి. కాని, చూడడానికి ఒకటిగా ఉన్నవి ఒకటి కావు, వేరుగా ఉన్నవి వేరు కావు అని వేదాంతులు గొంతు చించుకుని చెప్పినా ఎక్కనిది, ఒక్క ఐత్వంతో నా బుర్రకెక్కింది.

సరే, ఇవన్నీ చికాకులు. చికాకుల గురించైతే ఇంత కాగితం ఖర్చు చెయ్యనక్కర్లేదు. దీని వెనకాల ఒక పెద్ద ప్రశ్న ఉంది. ఒకే రాత రెండు చోట్ల ఉంది. ఒకచోట ఒకరకంగా మారింది, రెండో చోట మరో రకంగా మారింది. ఇప్పుడు ఏది అసలు? ఎవరు చెప్పాలి?

దీనికి కరణాల కాలంలో ఒక ఏర్పాటు ఉండేది. ఊరి లెక్క కరణంగారి దగ్గర, దాని పైలెక్క తాలూకాలో. ఏటా జమాబందీ నాడు కరణంగారు దస్త్రం మోయించుకుని వెళ్తే, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి సరిచూసేవారు. తేడా వస్తే కరణంగారు సంజాయిషీ చెప్పాలి. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాలే పోయారు, ఆ ముచ్చట వేరు. ఆ పద్ధతిలో సుగుణమేమిటంటే, తేడా వస్తే పైలెక్కదే పైచెయ్యి అని ముందే ఒప్పందం. లోపమేమిటంటే, పొలం గట్టు ఎక్కడుందో పైలెక్కకి తెలియదు! గట్టు జరిగిందని తెలిసినవాడు కరణం, జరిపించినవాడూ కొన్ని సందర్భాల్లో ఆయనే. న్యాయం ఎవరి పక్కనుందో అడగకుండా, పెద్దది ఎవరిదని అడగడం మనకి పాత అలవాటు.

పలకా కంప్యూటరూ మాత్రం ఒకదానికొకటి పై అధికారులు కావు. అన్నదమ్ములు. అన్నదమ్ముల తగువులో పెద్దమనుషులు మొదట అడిగేదేమిటి? "పోయినసారి మీరిద్దరూ దేనికి ఒప్పుకున్నారు?" అని. ఆ పాత పంపకాల కాగితం ఉంటే సగం తగువు తీరినట్టే. కొంచెం తెలివైన సింకు కార్యక్రమం కూడా అదే చేస్తుంది. కిందటిసారి కలుసుకున్నప్పుడు ఫైలు ఎలా ఉందో గుర్తుపెట్టుకుంటుంది. పలకలోది మారి కంప్యూటరులోది మారకపోతే పలక మాట, అటైతే అటు మాట. రెండూ మారితేనే రగడ. ఆ జ్ఞాపకం కాస్తా చెరిగిపోయిందనుకోండి, ఎవరు మారారో తెలిసే దారి మూసుకుపోతుంది. తేడా కనబడుతుందే గాని మార్పు కనబడదు. మనుషుల్లో కూడా పాతికేళ్లు మాటల్లేని స్నేహితులు కలుసుకుని, "నువ్వు చాలా మారిపోయావు" అని ఇద్దరూ అనుకోవడం చూస్తూంటాం. ఏది మొదలో ఇద్దరికీ గుర్తులేదు.

"దానికేముందండీ, తేదీ చూసి కొత్తది ఉంచుకుంటే సరి" అంటారు తొందరగలవాళ్లు. చాలా కార్యక్రమాలు చడీచప్పుడూ లేకుండా ఆ పనే చేస్తాయి. చివర రాసినవాడిదే గెలుపు. వినడానికి న్యాయంగానే ఉంది. కాని 'చివర' అంటే ఏమిటి?

ఫోన్లు లేని రోజుల్లో మా నాన్నగారు మద్రాసులో, మా అమ్మ రాజమండ్రిలో ఉండేవారు. ఉత్తరాలు దారిలో ఎదురుపడేవి. "పిల్లవాడి చెవులు దసరాకి కుట్టిద్దాం" అని ఆయన సోమవారం రాస్తారు. "దీపావళికి పెట్టుకుందాం" అని ఆవిడ మంగళవారం రాస్తుంది. రెండూ గూడూరు దగ్గరో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఆవిడ ఉత్తరం ఒకరోజు తర్వాతది కాబట్టి ఆయన మాటకి అది జవాబవుతుందా? కాదే! ఆయన మాట ఆవిడకి తెలియనే తెలియదు. క్యాలెండరు లెక్కన ఒకటి ముందు, ఒకటి వెనక. అసలు లెక్కన రెండూ ఒకదానికొకటి పక్కనున్నవే. పండగలు రెండూ వెళ్లిపోయాక నా చెవులు సంక్రాంతికి కుట్టించారు.

లెస్లీ లాంపోర్ట్ అనే అమెరికా కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఈ సంగతినే 1978లో లెక్కల భాషలో రాశాడు. దూరదూరంగా ఉన్న యంత్రాల గడియారాలు ఎన్నటికీ అచ్చంగా కలవవు. అంచేత గడియారం చూసి ముందూ వెనకా తేల్చకూడదు. ఒక పని ఇంకొకదానికి 'ముందు' అనాలంటే, దాని కబురు రెండోదానికి చేరగలిగి ఉండాలి. కబురు అటూ ఇటూ చేరకపోతే ఏదీ ముందు కాదు, ఏదీ వెనక కాదు. తర్వాతి కాలంలో 2013 సంవత్సరానికి ఆయనకి ట్యూరింగ్ బహుమానం ఇచ్చారు. మా అమ్మానాన్నలకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఇది తమాషాగానే ఉంటుంది, మనింటిదాకా రానంతవరకు.

మా బావగారు రెండేళ్ల కిందట పోయారు. ఆయన లెక్కల మనిషి. పాలవాడి చిట్టా దగ్గర్నుంచి చేబదుళ్లదాకా అన్నీ పుస్తకంలో రాసేవారు. చివరి మూడేళ్లూ నాలాగే పలక మీద రాశారు. ఆ రకం పలకలో పుస్తకం ఏదైనా పీడీఎఫ్ ఫైలే, అటు పలకలోనూ ఇటు కంప్యూటరులోనూ తెరుచుకుంటుంది. ఆస్పత్రిలో ఉన్న ఆరువారాలూ పలక ఆయన తలగడ పక్కనే ఉంది. అక్కడ వైఫై లేదు. ఆయన పోయాక, పదిరోజులూ అయ్యాక, మా మేనల్లుడు పలకని కంప్యూటరుకి కలిపాడు. కార్యక్రమం ఒక నిమిషం ఆలోచించి, 'రెండు చోట్లా మార్పులున్నాయి' అంటూ చిట్టా పుస్తకాన్ని రెండు ప్రతులుగా పెట్టింది.

రెండింట్లోనూ తేడా ఒక్క పేజీలో ఉంది. తమ్ముడికి నలభైవేలు ఇచ్చినట్టు అందులో రాసి ఉంది. కంప్యూటరు ప్రతిలో దాని పక్కన 'రావాలి' అని ఉంది. పలక ప్రతిలో ఆ పద్దు మొత్తం మీద అడ్డంగా ఒక గీత ఉంది.

కార్యక్రమం తేదీల ప్రకారం కంప్యూటరు ప్రతే కొత్తది. మా మేనల్లుడు నెమ్మదిగా దాని గుట్టు లాగాడు. నాన్నగారి ఇన్సూరెన్సు నంబరు కోసం వాడే ఆ వారంలో కంప్యూటరులో పుస్తకం తెరిచాడు. వెతికిన పేజీకి గుర్తు పెట్టి, మూసేటప్పుడు 'భద్రపరచు' నొక్కాడు. ఆ నొక్కుతోనే అది కొత్తదైపోయింది. పోయినాయన చేతిరాత, ఆయన పోయిన ఎనిమిదోనాటి తేదీ! తేదీనే నమ్ముకునే కార్యక్రమమైతే ఆ గీతని ఆ క్షణమే తుడిచేసేది. మనింట్లో ఒకరి చివరి మాట మాయమైందన్న సంగతి కూడా మనకి తెలిసేది కాదు.

న్యాయశాస్త్రం కూడా చివరి వీలునామాదే చెల్లుబాటంటుంది. కాని 1925 నాటి భారత వారసత్వ చట్టం మామూలు వీలునామాకి కనీసం ఇద్దరు సాక్షులుండాలంది. 'చివర' అనే మాట ఎంత జారుడుదో ఆ చట్టం రాసినవాళ్లకి తెలుసు. గడియారాన్ని సాక్షిగా వాళ్లు ఒప్పుకోలేదు.

మా అక్కయ్య ఆ గీత చూసి, "తమ్ముడికి వదిలేశారురా. ఆస్పత్రిలో అదే అన్నారు నాతో, సగం సగం మాటల్లో" అంది. కొడుకు, "తీర్చేసి ఉంటాడమ్మా, అందుకు కొట్టేసి ఉంటారు" అన్నాడు. మా పెద్ద మేనకోడలు మరీ లోకజ్ఞానం గలది. "చెయ్యి వణికి గీత పడిందేమో" అంది. మూడూ సంభవమే. పలక గీతని దాచింది గాని ఎందుకు గీశారో దాచలేదు. కాగితమైనా దాచదు, ఆ మాట నిజమే. కాని కాగితం ఒక్కటే ఉండేది. దాన్ని నమ్మక తప్పేది కాదు.

అక్కయ్య మరిదిని పిలిపించింది. రెండు ప్రతులూ ఆయన ముందు పెట్టమంది. నేనూ ఉన్నాను. ఆయన చాలాసేపు చూశాడు. చూసి, "వదినా, పదివేలు కిందటి ఉగాదికి ఇచ్చేశాను. మిగతా ముప్పై ఇవ్వలేదు. అన్నయ్య అడగలేదు, నేను ఎత్తలేదు" అన్నాడు.

అంటే ఏమైంది? రెండు ప్రతులుండగా మూడోది బయటపడింది. దానికి తేదీ లేదు, ఫైలు పేరు లేదు. ఆ పదివేలు ఏ పుస్తకంలోనూ పడలేదు. అక్కడున్న అందరికీ ఆ క్షణంలో అదే అసలనిపించింది. అది అతనికి నష్టం కలిగించే మాట. ఇచ్చేశానంటే సరిపోయేది, వదిలేశారంటే ఇంకా సరిపోయేది. నకలు నిజమని ముద్రవేసే అధికారం, ఆ నిజంవల్ల నష్టపోయేవాడికి ఉన్నంతగా ఇంకెవరికీ లేదని నాకప్పుడనిపించింది. ఆ తర్వాత వదినా మరుదులు ఏం తేల్చుకున్నారో నేనడగలేదు. అడగవలసినది కాదు.

ఇంతకీ ఈ గొడవలో నేను మెచ్చుకున్నది ఆ విసుగుపుట్టించే కార్యక్రమాన్నే. అది తేల్చలేదు. "నాకు తెలియదు, మీరు చూసుకోండి" అని రెండూ ముందు పెట్టింది. సాధారణంగా మనం దాన్నే తిట్టుకుంటాం. ఒకే ఫైలుకి రెండేసి, మూడేసి ప్రతులు పక్కన చేరి, పేరు చివర ఏవో తోకలు తగిలించుకుని, పెళ్లైన ఇల్లులా ఉంటుంది. కాని ఇలా రెండూ ఉంచడం చేతకానితనం కాదు. అదొక మర్యాద. మన పండితులు ఎరిగిన మర్యాదే.

బ్రౌన్ దొరగారు కడపలో చేసిన పని అలాంటిది. వేమన పద్యాలు ఒక తాటాకుల కట్టలో ఒకలా, ఇంకో కట్టలో ఇంకోలా ఉండేవి. ఆయన ఒక కట్ట తీసుకుని 'ఇదే వేమన' అని అచ్చేయించలేదు. దొరికినన్ని ప్రతులు తెప్పించాడు, పాఠాంతరాలు ఎక్కించాడు, జీతాలిచ్చి పండితుల్ని కూచోబెట్టాడు, వాళ్లని వాదించుకోమన్నాడు. ఆ తర్వాతనే 1829లో పుస్తకం వచ్చింది. అంతకన్నా పెద్ద యజ్ఞం పుణెలోని భండార్కర్ సంస్థ చేసింది. మహాభారతానికి 1,259 రాతప్రతులు చూసి, 1919లో మొదలెట్టి 1966కి గాని ముగించలేదు. వాటిల్లో మన తెలుగు లిపి ప్రతులూ ఉన్నాయి. ఆ సంపుటాలు తెరిచి చూడండి. పేజీ పైభాగాన శ్లోకం, కింద చిన్నక్షరాల్లో పాఠాంతరాల పుట్ట. కొన్ని పేజీల్లో పైన రెండు శ్లోకాలే, మిగతాదంతా కింది పుట్టే. సంపాదకులు పై శ్లోకానికి తమ తీర్పు ఇచ్చారు, కాని ఓడిపోయిన పాఠాన్ని తగలబెట్టలేదు. మీకు మా తీర్పు నచ్చకపోతే మీరు తీర్చుకోండి అని కిందనే ఉంచారు. సుక్తంకర్‌గారి వంటి మహామహులు జీవితాలు ధారపోసి చేసిన పనిని అర నిమిషంలో గుట్టుగా తేల్చేస్తానంటుంది మన పలక!

రెండూ ఉంచుకోవడం అన్నిచోట్లా కుదరదనుకోండి. బ్యాంకులో నా ఖాతాకి రెండు నిలవలుంటే మేనేజరుగారు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను, తక్కువది చూపిస్తే. మందుచీటీలో రెండు మోతాదులుంటే ప్రాణం మీదికొస్తుంది. అక్కడ ఎవరో ఒకరు తెగించి తేల్చాలి. తేల్చేవాడికి పేరుండాలి, అడిగితే జవాబు చెప్పాలి. కరణంగారిని కనీసం నిలబెట్టి అడిగేవారు.

నిలబెట్టి అడగడానికి వీల్లేకపోతే ఏమవుతుందో 2009 జూలైలో అమెరికావాళ్లు చూశారు. అమెజాన్ కంపెనీ అమ్మిన కిండిల్ యంత్రాల్లో జార్జి ఆర్వెల్ రాసిన '1984', 'యానిమల్ ఫార్మ్' పుస్తకాలు కొందరు కొనుక్కున్నారు. వాటిని అమ్మకానికి పెట్టినవాళ్లకి హక్కులు లేవని తర్వాత తేలింది. కంపెనీ తన దగ్గర ఉన్న ప్రతి తీసేసింది. తీసేసిందన్న కబురు సింకు ద్వారా జనం ఇళ్లలోకి వెళ్లి, వాళ్ల యంత్రాల్లోంచి కూడా పుస్తకం చెరిపేసింది. డబ్బు తిరిగిచ్చారు. కాని ఒక బడిపిల్లవాడు బడిలో ఇచ్చిన పనికోసం ఆ పుస్తకం పక్కన రాసుకున్న నోట్సు అక్కరకి రాకుండా పోయింది. పుస్తకమే లేనప్పుడు, 'ఈ వాక్యం చూడు' అని రాసుకున్నది దేన్ని చూస్తుంది? ప్రభుత్వం పాత కాగితాలు కాల్చేసి చరిత్ర తిరగరాసే కథ కదా ఆ '1984'. కంపెనీ అధినేత బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. చెప్పినంతమాత్రాన, మన ఇంట్లో బీరువాలో ఉన్నది మన ప్రతి అన్న ధీమా తిరిగిరాలేదు.

చెరపడం గురించి ఇంకొక్క మాట. రాయడం కంటే చెరపడమే కష్టం ఈ విద్యలో. ఒకచోట ఫైలు చెరిపామనుకోండి, రెండో యంత్రం వచ్చి చూసి, "ఇది నా దగ్గరుంది, నీ దగ్గర లేదు. పాపం, నీకు రాలేదు కాబోలు" అని మళ్లీ తెచ్చి పెడుతుంది. అలా జరక్కుండా, చెరిపినచోట 'ఇక్కడ ఫలానాది ఉండేది, చెరిపాం' అని ఒక గుర్తు పెట్టుకోవాలి. దానికి వాళ్లు సమాధి రాయి అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పల్లెల్లో చావు కబురు చుట్టాలందరికీ పంపడం ఇలాంటిదే. కబురందనివాడికి పోయినాయన బతికే ఉంటాడు, మామిడిపళ్ల బుట్ట పంపుతూనే ఉంటాడు. మరచిపోయామన్న సంగతి గుర్తుంచుకుంటే గాని మరచిపోవడం కుదరదన్నమాట! ఆ రాళ్లు కూడా కొన్నిచోట్ల కొంత గడువు తర్వాత తీసేస్తారు. అప్పటికీ కబురందని యంత్రం ఒక మూలనుంటే పోయినవన్నీ లేచొస్తాయి.

మా అక్కయ్యగారింట్లో జరిగిందదే. ఆ సమావేశమయ్యాక మేనల్లుడు, ఇక ఎందుకని, 'రావాలి' అని ఉన్న ప్రతిని చెరిపేశాడు. ఐదునెలలు గడిచాయి. మొన్న ఏదో ఫోటోలు కావాలని బావగారి పాత లాప్‌టాప్ అటకమీదినుంచి దించి, దుమ్ము దులిపి, కరెంటు పెట్టారు. ఆయన కొన్న మొదటి యంత్రమది. అది లేచీ లేవగానే నెట్‌కి కలిసి, తన దగ్గరున్న చిట్టా పుస్తకాన్ని బుద్ధిగా అందరికీ పంచింది. గీత లేదు. 'రావాలి' ఉంది. మేనల్లుడు తల పట్టుకుని, "మళ్లీ చెరపనా అమ్మా?" అన్నాడు.

అక్కయ్య కళ్లజోడు తుడుచుకుంటూ తెర వైపు వంగింది. ఆయన అక్షరాలు అప్పటికింకా వణకలేదు, ముత్యాల్లా ఉన్నాయి.

"ఆ పై పేజీలో పాలవాడి పద్దుందేమో చూడరా, బాకీ మూడు లీటర్లంటున్నాడు వాడు" అంది.